రాయి పడితే కాల్పులేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం. థర్మల్ ప్లాంట్లు వద్దన్నవాళ్ళ మీద 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసులు జరిపిన కాల్పులు మావాళ్ళింకా మరిచిపోలేదు. ఇప్పుడు భూముల కోసం దీక్షకు కూర్చుంటున్నాం. ఎవరో రాయి విసిరితే పోలీసులు కాల్చొచ్చా? అంతర్జాతీయ చట్టం మా ఊరికి పనికొస్తుందా?

జవాబు: రాయి పడినంత మాత్రాన కాల్చే హక్కు పుట్టదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. పోలీసుల బలప్రయోగంపై ఐక్యరాజ్యసమితి 1990 నాటి హవానా సూత్రాల ప్రకారం, ఆ క్షణాన ఎవరికైనా చావో తీవ్రగాయమో తప్పదన్నంత ముప్పు ఉండి, మరో దారి లేనప్పుడే తుపాకీ తీయాలి. వీలున్నంత వరకు ముందు హెచ్చరించి, తప్పుకోడానికి వ్యవధి ఇవ్వాలి. కేవలం జనాన్ని చెదరగొట్టడానికి కాల్పులు జరపరాదని, ఆ ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ 2020లో తేల్చి చెప్పింది. దగ్గర్నుంచి బండరాయి తలమీద వేయబోయేవాడి సంగతి వేరు, వాడి వెనక నిలబడ్డ వందమంది సంగతి వేరు. గుంపు మీద గుడ్డిగా కాల్చడం ఎప్పుడూ అక్రమమే.

'మేజిస్ట్రేటు ఆర్డరుంది' అన్న మాటకు బెదరకండి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 148వ సెక్షను గుంపును చెదరగొట్టే అధికారం ఇస్తుంది. ప్రాణం తీయడానికి అది ఖాళీ చెక్కు కాదు.

జెనీవాలోని ఆ కమిటీకి మీరు నేరుగా ఫిర్యాదు చేయలేరు, అందుకు వీలిచ్చే ఐచ్ఛిక ఒప్పందంలో భారత్ చేరలేదు. ఒడంబడిక మాటను రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంతో కలిపి హైకోర్టు రిట్లో వాదించాలి.

జరగకూడనిది జరిగితే, పోలీసు కాల్పుల చావులపై సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన పీయూసీఎల్ తీర్పును పట్టుకోండి. కాల్పుల్లో చావు జరిగితే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. దర్యాప్తు సీఐడీయో, మరో స్టేషను బృందమో చేయాలి. జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్ట్‌మార్టం చేయాలి, దాన్ని వీడియో తీయాలి. ఈ వీడియో దగ్గరే చాలా కేసులు నిలబడతాయి లేదా పడిపోతాయి. అందుకే శవాన్ని తీసుకునే ముందే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. గాయపడ్డవాళ్ళ వాంగ్మూలం మేజిస్ట్రేటో, డాక్టరో నమోదు చేయాలి. ఈ పద్ధతి తప్పితే కుటుంబసభ్యులు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు మాత్రం ఏడాదిలోగా రాయాలి, ఆపైన తీసుకోరు.

ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసుల మీద కేసు కుదరదంటారు. బీఎన్‌ఎస్‌ఎస్ 151లో ఉన్న ఆ రక్షణ కోర్టులో ప్రాసిక్యూషన్‌కే గానీ, ఎఫ్‌ఐఆర్ కట్టడానికి అడ్డు కాదు. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళండి.