తోట మూల షెడ్డు

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో రాసుకోవడానికి మంచి గది లేదని దిగులుపడ్డావు. మంచి గది కోసం చూడకు. ఎవరూ కూర్చోవాలనుకోని చోటు వెతుక్కో.

ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకు తోట మూల ఒక చెక్క షెడ్డు ఉంటుంది. గడ్డి కోసే మెషీను, తుప్పు పట్టిన పార, సగం వాడిన పెయింటు డబ్బాలు పడేసే చోటది. చక్కటి ఇల్లు పెట్టుకుని పెద్దమనిషి వెళ్లి అందులో కూర్చుంటే నవ్వు రాదూ? నాకూ వస్తుంది. కానీ ఆ షెడ్లంటే నాకు ప్రాణం.

నాటక రచయిత బెర్నార్డ్ షా సంగతే చూడు. అయోట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలో, ఆయన తోట చివర 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న చిన్న చెక్క గది. ఎండ ఎటుంటే అటు తిప్పుకునేలా కట్టించారు. దానికి పెట్టిన పేరు ‘లండన్’. ఎవరైనా వస్తే, అయ్యగారు లండన్‌లో ఉన్నారని ఇంట్లోవాళ్లు చెప్పేవారు. అబద్ధమూ కాదు! అంతటి మనిషికి కూడా పని సాగాలంటే దాక్కోవలసి వచ్చింది.

గ్రేట్ మిసెండెన్ అనే ఊళ్లో పిల్లల కథల రచయిత రోల్డ్ డాల్ కూడా అంతే. వెన్నునొప్పి మనిషి కదా, పాత వాలుకుర్చీకి వీపు దగ్గర కన్నం చేసుకున్నారు. చలికి కాళ్లు స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చి, ఒడిలో ఆకుపచ్చ గుడ్డ అతికించిన చెక్క పెట్టుకుని పెన్సిల్‌తో రాసేవారు. వేల్స్‌లో కవి డిలన్ థామస్ రాసుకున్న షెడ్డు అంతకుముందు కారు పెట్టుకునే కొట్టం. నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కి మాత్రం పాపం, తోట గదిలోనూ ప్రశాంతత దొరకలేదు. పైన అటక మీద భర్త ఆపిల్స్ ఏరుతూ చప్పుడు చేసేవాడు. 1934లో ఆ గదిని అక్కణ్ణుంచి తోట చివరికి మార్చుకున్నారు.

నిగనిగలాడే బల్ల ముందు కూర్చుంటే మొదటి వాక్యమే అద్భుతంగా రావాలని టెన్షన్ పడతాం. పెయింటు డబ్బాల మధ్య ఆ బరువు ఉండదు. అక్కడ నీ దగ్గర్నుంచి ఎవరూ గొప్పతనం ఆశించరు. చెత్తగా రాయొచ్చు, కొట్టేయొచ్చు, పైకి చదువుకుని ఒక్కడివే నవ్వుకోవచ్చు. నీకిప్పుడు కావలసింది ఆ స్వేచ్ఛే.

మీ అపార్ట్‌మెంట్‌కి తోట లేదని తెలుసు. మేడ మీద వాటర్ ట్యాంకు నీడ ఉంటుంది, పాత సామాన్లు పడేసే గది ఉంటుంది. ఒక స్టూలు వేసుకో. ఫోను ఇంట్లో వదిలెయ్. చోటు కుదిరాక దానికో ఊరి పేరు పెట్టి, అమ్మకి చెప్పి ఉంచు.

వచ్చే ఉత్తరంలో ఆ ఊరి పేరు నాకు రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య