64 కోర్ల ఈపిక్ కొనాలా, త్రెడ్‌రిప్పర్ ప్రో కొనాలా? రెండిటితో పని చేశాక నాకు తెలిసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాత్రంతా ద్రవ ప్రవాహ సిమ్యులేషన్లు నడవాలి. పగలు అదే మెషీన్ మీద క్యాడ్ మోడల్ (కంప్యూటర్‌లో గీసిన డిజైన్) దిద్దుకోవాలి, మెష్ వేసుకోవాలి (అంటే ఆ ఆకారాన్ని లెక్క కోసం చిన్న గళ్లుగా విడగొట్టాలి), ఫలితాలు తెర మీద తిప్పి చూసుకోవాలి. ముందుముందు ఒక పెద్ద భాషా మోడల్‌ని కూడా సొంతంగా నడుపుకోవాలని ఉంది. ఏఎండీ ప్రాసెసర్లు రెండు, సర్వర్ల కోసం చేసిన ఈపిక్ 9554, వర్క్‌స్టేషన్ల (బల్ల దగ్గర వాడే శక్తిమంతమైన కంప్యూటర్ల) కోసం చేసిన త్రెడ్‌రిప్పర్ ప్రో 7985డబ్ల్యూఎక్స్, వీటి మధ్య ఆగిపోయారు. మీ సహోద్యోగేమో "సర్వర్ ప్రాసెసర్‌ని మించింది లేదు, కళ్లు మూసుకుని అదే తీసుకో" అంటున్నారు.

నాదీ సిమ్యులేషన్ పనే. ఈ రెండు రకాల మెషీన్లనూ దగ్గరుండి వాడాను, ఒకదాన్ని బల్ల కింద, ఇంకోదాన్ని వేరే గదిలో ర్యాక్‌లో. అందుకని నా సలహా ముందే చెప్పేస్తాను. మెషీన్ ఒక్కటే, అదీ మీ బల్ల కిందే ఉండాలంటే త్రెడ్‌రిప్పర్ ప్రో తీసుకోండి. వేరే గదిలో పెట్టుకునే వీలుండి, ముందు కూర్చోడానికి మామూలు డెస్క్‌టాప్ ఒకటి ఉంటే ఈపిక్ తీసుకోండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే మీ పని నా పనికి కొంచెం తేడాగా ఉన్నా కారణాలు తెలిస్తే మీ నిర్ణయం మీరే తీసుకోగలరు.

మొదట ఒక సంగతి. ఈ రెండు చిప్‌లలో ఉన్నది ఒకే రకం కోర్, ఏఎండీ జెన్ 4 డిజైన్‌ది. రెండిట్లోనూ ఎనిమిదేసి కోర్ల చిన్న చిప్లెట్లు (ప్రాసెసర్‌లోని చిప్ ముక్కలు) ఎనిమిది, ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 256 ఎంబీ. కరెంటు కూడా దాదాపు సమానమే, ఒకటి 360 వాట్లు, ఇంకోటి 350. తేడా అంతా రెండు చోట్ల ఉంది. ఈపిక్ 9554 గరిష్ఠంగా 3.75 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, త్రెడ్‌రిప్పర్ ప్రో తక్కువ కోర్ల మీద పని ఉన్నప్పుడు 5.1 దాకా వెళ్తుంది. మెమరీ దగ్గర మాత్రం ఈపిక్‌కి 12 చానెళ్లు (ర్యామ్‌తో కలిపే దారులు), త్రెడ్‌రిప్పర్ ప్రోకి 8. కాబట్టి తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ పని క్లాక్ (కోర్ నడిచే వేగం) కోసం ఎదురు చూస్తోందా, మెమరీ కోసమా?

సాల్వర్, అంటే రాత్రి సిమ్యులేషన్ లెక్క చేసే సాఫ్ట్‌వేర్, దాని సంగతి చూద్దాం. ఓపెన్‌ఫోమ్ లాంటి సాల్వర్లు లెక్క కన్నా డేటా తెచ్చుకోవడానికే ఎక్కువ సమయం పెడతాయి. కోట్ల సెల్స్ ఉన్న మెష్ క్యాష్‌లో పట్టదు. ప్రతి ఇటరేషన్‌లోనూ మొత్తం డేటా ర్యామ్ నుంచి రావాలి, మళ్లీ ర్యామ్‌లోకి పోవాలి. డీడీఆర్5-4800 ఒక్కో చానెల్ సెకనుకి 38.4 జీబీ ఇస్తుంది. పన్నెండు చానెళ్లకి 460.8 జీబీ. త్రెడ్‌రిప్పర్ ప్రో డీడీఆర్5-5200 వాడుతుంది కాబట్టి ఎనిమిది చానెళ్లకి 332.8 జీబీ. ఇవి కాగితం మీది లెక్కలు, నిజంగా అందేది ఇంతకన్నా తక్కువే, కానీ నిష్పత్తి మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. పెద్ద మెష్ మీద సాల్వర్ నడిపినప్పుడు ఈపిక్ తక్కువ క్లాక్‌తోనే ముందుకెళ్లిపోవడం నేను ప్రతిసారీ చూశాను. అక్కడ కోర్లు ఎంత వేగంగా తిరిగినా లాభం లేదు, అవి డేటా కోసం కూర్చుని ఉంటాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. ఆ 12 చానెళ్లూ నింపితేనే ఆ 460 జీబీ. బడ్జెట్ సరిపోక ఆరు స్టిక్కులే పెట్టి "తర్వాత నింపుకుందాం" అనుకుంటే చేతికొచ్చేది 230 జీబీ. అంటే ఎనిమిది స్లాట్లూ నిండిన త్రెడ్‌రిప్పర్ ప్రో కన్నా బాగా తక్కువ. సగం నింపిన ఈపిక్ కొనడమంటే దాని ఒకే ఒక్క పెద్ద బలాన్ని వదులుకోవడమే. కొటేషన్ అడిగేటప్పుడు ప్రాసెసర్, బోర్డు ధరతో ఆగకుండా పన్నెండు స్టిక్కుల ధర కూడా కలిపి చూడండి. 32 జీబీవి పన్నెండు పెడితే 384 జీబీ అవుతుంది, మీ పనికి అది చాలు. 24 స్లాట్ల బోర్డు ఎక్కువ ఉపయోగమని అమ్మేవాళ్లు చెప్తారు. ఒక చానెల్‌కి రెండు స్టిక్కులు పెడితే మెమరీ వేగం పడిపోతుంది. మీకు టెరాబైట్ల ర్యామ్ అవసరం లేదు కాబట్టి చానెల్‌కి ఒక స్లాట్ ఉన్న బోర్డే మేలు.

ఇంకో మాట కూడా. తక్కువ కోర్ల త్రెడ్‌రిప్పర్ ప్రో, అంటే 12 లేదా 16 కోర్లది, తీసుకుని "దీనికీ ఎనిమిది చానెళ్లే కదా" అనుకోకండి. వాటిలో చిప్లెట్లు రెండే ఉంటాయి. చిప్లెట్‌కీ మెమరీ కంట్రోలర్‌కీ మధ్య ఉన్న దారి ఇరుకు, అందుకని ఎనిమిది చానెళ్ల బ్యాండ్‌విడ్త్ (సెకనుకి అందే డేటా) కోర్లకి చేరదు. స్పెక్ షీట్‌లో చానెళ్లతో పాటు చిప్లెట్ల సంఖ్య కూడా వెతకండి.

ఇక పగటి పని. మెష్ వేయడం, క్యాడ్ తెరవడం, ఫలితాల ఫైల్ చదవడం, వీటిలో చాలా భాగం ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తుంది. 1967లో జీన్ అమ్దాల్ చెప్పిన లెక్క ఇప్పటికీ మారలేదు: పనిలో పదో వంతు వరసగా జరగాల్సిందే అయితే 64 కోర్లు ఇచ్చినా వేగం తొమ్మిది రెట్లు దాటదు. ఆ వరస భాగంలో ఉపయోగపడేది క్లాక్ ఒక్కటే. 3.75కీ 5.1కీ మధ్య తేడా మూడో వంతు పైనే. రాత్రి సాల్వర్ అరగంట ఆలస్యమైతే మీరు నిద్రలో ఉంటారు, తెలియదు. పగలు మోడల్‌లో ఒక ఫిల్లెట్ (గుండ్రటి అంచు) మార్చిన ప్రతిసారీ ఆగమనే గుర్తు తిరుగుతుంటే మాత్రం పని మీద దృష్టి పోతుంది. ఈపిక్ మెషీన్ మీద నేరుగా క్యాడ్ చేసిన రోజుల్లో నన్ను అన్నిటికన్నా విసిగించింది ఇదే. మంచి డెస్క్‌టాప్ మీద ఇంకా హాయిగా సాగిన పని అది. మనిషి ఎదురు చూసే సమయానికి విలువ ఎక్కువ కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను, బెంచ్‌మార్క్ పట్టికల్లో అది కనిపించదు.

ఊహలతో పని లేకుండా మీ దగ్గర ఇప్పుడున్న మెషీన్ మీదే దీన్ని తేల్చుకోవచ్చు. మీరు రోజూ నడిపే ఒక కేసు తీసుకోండి. బయోస్‌లో ర్యామ్ వేగం ఒక మెట్టు తగ్గించి నడపండి, టైమ్ రాసుకోండి. తర్వాత ర్యామ్ మామూలు వేగానికి తెచ్చి, ప్రాసెసర్ క్లాక్‌కి పరిమితి పెట్టి మళ్లీ నడపండి. ర్యామ్ తగ్గించినప్పుడు దాదాపు అదే నిష్పత్తిలో నెమ్మదిస్తే మీ పని మెమరీది. క్లాక్ తగ్గించినప్పుడు అలా జరిగితే క్లాక్‌ది. సాల్వర్‌కి ఒకసారి, మెషింగ్‌కి ఒకసారి విడివిడిగా చేయండి, ఎందుకంటే రెండిటికీ జవాబు వేరుగా రావచ్చు. మా టీమ్‌లో ఎవరైనా కొత్త మెషీన్ అడిగితే మొదట ఈ రెండు కొలతలే అడుగుతాం.

భాషా మోడల్ విషయానికి వస్తే, టోకెన్ తర్వాత టోకెన్ పుట్టించే దశ పూర్తిగా మెమరీ బ్యాండ్‌విడ్త్ మీద ఆధారపడుతుంది. 7000 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే సుమారు 40 జీబీ ఉంటుంది, ప్రతి టోకెన్‌కీ అదంతా ఒకసారి చదవాలి. ఆ లెక్కన ఈపిక్‌కి పైకప్పు సెకనుకి 11 టోకెన్లు, త్రెడ్‌రిప్పర్ ప్రోకి 8, రెండు చానెళ్ల డీడీఆర్5-5600 డెస్క్‌టాప్‌కి 2. అయితే మీరిచ్చే పొడవాటి ప్రశ్నని చదువుకునే దశకి లెక్కించే శక్తి కావాలి, అక్కడ మంచి గ్రాఫిక్స్ కార్డ్ ముందు ఈ రెండు ప్రాసెసర్లూ నిలవవు. కేవలం దీని కోసమే ఈపిక్ వైపు మొగ్గకండి.

గ్రాఫిక్స్ కార్డుల సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండిటికీ 128 పీసీఐఈ 5.0 లేన్లు, అంటే కార్డులు ప్రాసెసర్‌తో మాట్లాడే దారులు, ఉన్నాయి. కానీ చాలా సర్వర్ బోర్డుల్లో అవి స్లాట్లుగా కాకుండా కేబుల్ కనెక్టర్లుగా ఉంటాయి, కార్డ్ పెట్టాలంటే రైజర్లు, కేబుళ్లు వెతుక్కోవాలి. త్రెడ్‌రిప్పర్ ప్రో కోసం చేసే డబ్ల్యూఆర్ఎక్స్90 బోర్డుల్లో పొడవాటి స్లాట్లు వరసగా సిద్ధంగా ఉంటాయి. ప్రో కాని 7000 వరస త్రెడ్‌రిప్పర్ అయితే మెమరీ చానెళ్లు నాలుగే, పీసీఐఈ 5.0 లేన్లు 48. మీ సాల్వర్‌కి అది సరిపోదు.

బల్ల కింద పెట్టడం గురించి ఇంకొంచెం చెప్పాలి. సర్వర్ బోర్డు ఎదురుగా నుంచి వెనక్కి బలంగా గాలి వీచే పెట్టెలో ఉంటుందని అనుకుని తయారు చేస్తారు. సన్నటి 1యూ పెట్టెల్లో 40 ఎంఎం ఫ్యాన్ల మోత పక్కన కూర్చుని ఫోన్ మాట్లాడలేరు. పెద్ద కేబినెట్‌లో మెల్లగా తిరిగే ఫ్యాన్లు పెట్టి ఆ మోత తగ్గించవచ్చు, మేమూ చేశాం, కానీ అప్పుడు ర్యామ్ స్టిక్కుల మీద, పవర్ సర్క్యూట్ల మీద గాలి చాలదు. ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, ర్యామ్ వేడెక్కి ఈసీసీ (ర్యామ్‌లో తప్పులు పట్టి సరిదిద్దే ఏర్పాటు) ఎర్రర్లు లాగ్‌లో కనిపించడం మొదలవుతాయి. స్టిక్కుల మీదికి విడిగా ఫ్యాన్ పెట్టాకే అవి ఆగాయి. దానికి తోడు ఆడియో జాక్ ఉండదు, యూఎస్‌బీ పోర్టులు తక్కువ, స్లీప్ మోడ్ సాధారణంగా ఉండదు, మెమరీ ట్రైనింగ్ వల్ల బూట్ అవడానికి నిమిషాలు పడుతుంది. ర్యాక్‌లో నెలల తరబడి ఆగకుండా నడిచే మెషీన్‌కి ఇవేవీ లెక్కలోకి రావు. పైగా అక్కడ బీఎంసీ (దూరం నుంచి మెషీన్‌ని అదుపు చేసే చిన్న చిప్) ఉంటుంది, మెషీన్ బిగుసుకుపోతే ఎక్కడి నుంచైనా రీస్టార్ట్ చేయవచ్చు, బయోస్‌లోకి కూడా వెళ్లవచ్చు. అది అలవాటయ్యాక లేకుండా ఉండలేం. కొన్ని డబ్ల్యూఆర్ఎక్స్90 బోర్డుల్లోనూ బీఎంసీ ఉంది, త్రెడ్‌రిప్పర్ ప్రో తీసుకుంటే అలాంటిదే వెతకండి.

మీరు విండోస్ వాడతానన్నారు. విండోస్ లాజికల్ ప్రాసెసర్లని 64 చొప్పున గ్రూపులుగా విడదీస్తుంది. 64 కోర్లకి 128 థ్రెడ్లు కాబట్టి రెండు గ్రూపులవుతాయి, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని ఒక్క గ్రూపునే వాడి సగం మెషీన్‌ని ఖాళీగా వదిలేస్తాయి. బయోస్‌లో ఎస్ఎంటీ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్లు నడిపే పద్ధతి) ఆపేస్తే 64 కోర్లూ ఒకే గ్రూపులోకి వస్తాయి. సాల్వర్‌కి దీనివల్ల పెద్దగా నష్టం ఉండదు, నాకు చాలాసార్లు లాభమే వచ్చింది.

మీ సాల్వర్ లైసెన్స్ కోర్ల లెక్కన ఉంటే మాత్రం ఇప్పటిదాకా చెప్పింది కాస్త పక్కన పెట్టండి. అప్పుడు 64 కోర్లు కొనడమే దండగ కావచ్చు. ఈపిక్ 9374ఎఫ్ చూడండి: 32 కోర్లే, బేస్ క్లాక్ 3.85, గరిష్ఠం 4.3, అయినా ఎల్3 క్యాష్ 256 ఎంబీ, చానెళ్లు పన్నెండూ ఉంటాయి. ప్రతి కోర్‌కీ రెట్టింపు క్యాష్, రెట్టింపు బ్యాండ్‌విడ్త్ అన్నమాట. లైసెన్స్ డబ్బు కట్టే ప్రతి కోర్ నుంచీ పూర్తి పని రాబట్టుకోవచ్చు. ఇంటెల్ వైపు జియాన్ డబ్ల్యూ-3400 వరసకి కూడా ఎనిమిది చానెళ్లు, 112 లేన్లు, 56 దాకా కోర్లు ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ ఇంటెల్ ఏఎంఎక్స్ (మ్యాట్రిక్స్ లెక్కల కోసం ప్రాసెసర్‌లో ఉండే ప్రత్యేక ఏర్పాటు) బాగా వాడుకుంటే పోల్చి చూడండి.

ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే తర్వాతి తరం కూడా చూడండి. 2024 అక్టోబరులో వచ్చిన ఈపిక్ 9575ఎఫ్ 64 కోర్లతోనే 5 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది, పన్నెండు చానెళ్లూ డీడీఆర్5-6000. 2025లో వచ్చిన త్రెడ్‌రిప్పర్ ప్రో 9000 వరస ఎనిమిది చానెళ్ల డీడీఆర్5-6400తో 409.6 జీబీ దాకా చేరింది. అంటే క్లాక్‌లో సర్వర్ చిప్ దగ్గరికొచ్చింది, మెమరీలో వర్క్‌స్టేషన్ చిప్ దగ్గరికొచ్చింది. ధర మాత్రం పైకే పోతుంది.

చివరిగా సెకండ్ హ్యాండ్ ఈపిక్ గురించి, ఎందుకంటే ధర చూసి మీకూ ఆశ పుడుతుంది. కొన్ని కంపెనీల సర్వర్లలో వాడిన ఈపిక్ చిప్‌లు ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ వల్ల శాశ్వతంగా ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతాయి. వేరే బోర్డులో పెడితే బూట్ కావు, దాన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. మా టీమ్‌కి ఒక అమ్మకందారు అలాంటిదే అంటగట్టాడు. చిప్ మీద గీత కూడా లేదు, కానీ మా బోర్డులో తెర వెలగలేదు. అది లాక్ అయిన చిప్ కాదని, ఇంజినీరింగ్ శాంపిల్ (విడుదలకి ముందు పరీక్షల కోసం చేసిన చిప్) కాదని అమ్మేవాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, వాపసు గడువు కూడా అందులో ఉండాలి. మీది ఒకటే సాకెట్ కాబట్టి పేరు చివర పీ ఉన్న మోడల్, అంటే 9554పీ, అడగండి. పనిలో ఏ తేడా ఉండదు, రెండు చిప్‌లు జంటగా పెట్టి నడపడం కుదరదంతే, అందుకే తక్కువకి వస్తుంది. ర్యామ్ మాత్రం ఏది కొన్నా ఆర్‌డిమ్ రకమే (సర్వర్, వర్క్‌స్టేషన్ బోర్డులు వాడే రిజిస్టర్డ్ ర్యామ్) కావాలి. మీ పాత డెస్క్‌టాప్‌లోని డీడీఆర్5 స్టిక్కులు ఈ స్లాట్లలో కూర్చోవు, వాటికి గాడి వేరు, అందే వోల్టేజీ కూడా వేరు.