షట్టర్లు లెక్కపెట్టకు, మురుగు చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తణుకులో మీ నాన్నగారు కట్టించిన కొట్ల కాంప్లెక్సులో పై రెండంతస్తులు ఏళ్ల తరబడి తాళాలతోనే ఉన్నాయని, వాటిని తక్కువ అద్దె ఇళ్లుగా మార్చాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. బట్టల కొట్లో రాత్రి తొమ్మిది దాకా నిలబడి, ఆఖరి బస్సు కోసం పరుగెత్తే ఆడపిల్లలకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక గది దొరకడం ఎంత మేలో నాకు తెలుసు. కానీ నువ్వు పంపిన ప్లానులో 24 షట్టర్లు, అంటే కొట్టుకొక ఇల్లు చొప్పున 24 ఇళ్లు ఉన్నాయి. అది నాకు నచ్చలేదు. ఎన్ని ఇళ్లు పడతాయో చెప్పేవి కొట్లు కావు, మురుగూ వెలుతురూ.

ఇంటికి ముగ్గురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకున్నా దాదాపు పదివేల లీటర్ల నీళ్లు. అందులో చాలా భాగం మురుగుగా బయటికి పోవాలి. అంతస్తుకొక మరుగుదొడ్డి ఉన్న భవనానికి ఆ శక్తి ఎక్కడిది?

పాలకొల్లులో ఒక పాత గోదామును కూలీల ఇళ్లుగా మార్చినప్పుడు నేనే తప్పు చేశాను. కాలువలకు నీళ్లు ఆపేసిన మే నెలలో మురుగు నీటికి ఇంకుడు గొయ్యి తవ్వించాను. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉండటంతో పోసిన నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి. ఆగస్టులో కాలువలు నిండి, చుట్టూ చేలు నీళ్లలో ఉన్నప్పుడు ఆ గోతిలోకే నీరు ఊరింది. కింది వాటాలో దొడ్డి పొంగింది. అక్కడుండే ముసలావిడ గుమ్మం నుంచి పొయ్యి దాకా ఇటుకలు పేర్చుకుని, వాటి మీద అడుగులు వేస్తూ వంట చేసుకుంది. ఆ ఇటుకల వరుస నాకింకా కళ్ల ముందే ఉంది. మన డెల్టాలో ఇంకుడు గొయ్యిని వేసవిలో చూసి నమ్మకూడదు. మున్సిపల్ డ్రైను మట్టం ఎంతో కొలిపించు. సెప్టిక్ ట్యాంకు దాటిన నీటిని శుద్ధిచేసి అందులోకి వదలడానికి అనుమతి దొరుకుతుందో లేదో ముందే కనుక్కో.

ఇక వెలుతురు. మీ కొట్లు వీపులు ఆనించుకుని ఉన్నాయి. గాలి ముందు నుంచి తప్ప రాదు. మనలాంటి ఉక్క ప్రాంతాల్లో గది నేలలో ఆరో వంతైనా కిటికీలు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మధ్యలో నాలుగు కొట్లు వదులుకుని, పైకప్పు దాకా స్లాబు తెరిపించు. మన తాతల మండువా లోగిళ్లలో వాన పడ్డ చోటే వెలుతురూ పడేది కదా! అయితే కోసేది బీముల మధ్య స్లాబునే, అదీ స్ట్రక్చరల్ ఇంజనీరు గీత గీశాకే. బీమును ముట్టుకోనివ్వకు.

కొట్ల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 400 కిలోల బరువుకు లెక్క కడతారు, ఇళ్లకైతే 200. ఆ తేడా చూసి ధీమా పడకు. స్నానాల గదిలో పైపులు దాచడానికి తొమ్మిది అంగుళాలు ఇటుక ముక్కలు నింపితే ఆ మిగులంతా పోయినట్టే. గదుల మధ్య గోడలకు తేలిక బ్లాకులు వాడు. దొడ్లన్నీ ఒకదానిపై ఒకటి వచ్చేలా పెట్టి, పైపులు బయటి గోడ వెంట దించు.

కింది కాలమ్‌ల అడుగున సుత్తితో తట్టి చూడు. డొల్ల శబ్దం వస్తే అక్కడ కొద్దిగా చెక్కించి ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లించు. గులాబీ రంగు రాకపోతే కాంక్రీటుకు ఇనుమును కాపాడే గుణం పోయినట్టు. అప్పుడు ఇళ్ల మాట తరవాత, ముందు మరమ్మతు.

వినియోగం మార్పుకు మున్సిపాలిటీ అనుమతి, అగ్నిమాపక నిబంధనలు, ఇంటింటికీ వేరే కరెంటు మీటరు, ఇవన్నీ నీకు తెలిసినవే. మీటరు మాత్రం ఇళ్ల కేటగిరీలోనే తీసుకో. వాణిజ్య రేటు పడితే అద్దె తగ్గించి ఏం లాభం?

ఈ వారమే పెరట్లో ఆరడుగుల గొయ్యి తవ్వించు. రోజూ పొద్దున్నే అందులో ఊరిన నీటి మట్టానికి కర్ర మీద గీత పెట్టి తేదీ రాయి. శ్రావణమాసంలో నేను వచ్చేసరికి ఆ కర్ర సిద్ధంగా ఉంచు, దాన్ని చూశాకే ప్లాను మళ్లీ గీద్దాం.

మీ మామయ్య