కిడ్నీ దెబ్బతిన్న కుక్కకు చేపనూనె సరే, కాల్షియం పొడి వద్దు

ప్రశ్న: మా లాబ్రడార్‌కు పదకొండేళ్లు, బరువు 28 కిలోలు. కొంతకాలంగా నీళ్లు విపరీతంగా తాగుతోంది, రాత్రిళ్లు కూడా మూత్రానికి బయటికి తీసుకెళ్లాల్సి వస్తోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.6 వచ్చింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. నీరసంగా ఉందని మటన్ ఎముకలు, వాటి పులుసు పెడుతున్నాం. చేపనూనె, కాల్షియం పొడి వాడితే కిడ్నీలు మళ్లీ బాగవుతాయని తెలిసినవారు అంటున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఎముకలు, పులుసు ఈ రోజే ఆపేయండి. బలం కోసం మీరు పెడుతున్నవే దానికి ఎక్కువ చేటు చేస్తాయి. ఎముకల్లో భాస్వరం చాలా ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకున్న భాస్వరం కాల్షియంతో కలిసి కిడ్నీలోనే గట్టిపడి, మిగిలిన భాగాన్నీ పాడుచేస్తుంది. కాల్షియం పొడి వద్దనడానికీ కారణం ఇదే. పైగా ఆ పొడుల్లో చాలావాటిలో భాస్వరం, విటమిన్ డి కూడా ఉంటాయి.

క్రియాటినిన్ హద్దు దాటేసరికే కిడ్నీల పనితనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు, ఏ మందూ దాన్ని తేలేదు. మిగిలిన కొద్ది భాగం అంతటి పనినీ మోస్తూ అలిసిపోతుంది. దాన్ని వీలైనన్ని రోజులు కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది.

అందుకు చేపనూనె కొంత సాయపడుతుంది. 1998లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగంలో కుక్కల కిడ్నీల్లో పదహారింట పదిహేను వంతులు తొలగించి, ఏడేసి చొప్పున మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఆహారంలో చేపనూనె, ఇంకొక దానిలో పశువుల కొవ్వు, మూడో దానిలో కుసుమ నూనె కలిపి 20 నెలలు పెట్టారు. చేపనూనె తిన్నవాటిలో క్రియాటినిన్, మూత్రంలో పోయే ప్రోటీన్ తక్కువగా ఉన్నాయి, కిడ్నీ వడపోత శక్తి నిలిచింది. శస్త్రచికిత్సతో తగ్గించిన కిడ్నీ వేరు, ముసలితనంలో జబ్బుపడిన కిడ్నీ వేరు. కాబట్టి మీ కుక్కకు అంత మేలూ జరుగుతుందని మాట ఇవ్వలేను. అయినా వాడమనే చెబుతాను.

అయితే సీసా మీద రాసింది చదివి కొనండి. పైన ‘1000 మి.గ్రా.’ అని పెద్దగా ఉన్నా, వెనకవైపు చూస్తే చేపనూనెలో పనిచేసే ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మి.గ్రా. మాత్రమే ఉండవచ్చు. మనకు కావలసింది ఆ రెండే. సాధారణంగా కిలో బరువుకు ఈపీఏ 40, డీహెచ్‌ఏ 25 మి.గ్రా. చొప్పున లెక్కిస్తాం. మీ కుక్కకు రోజుకు అటూఇటుగా 1,800 మి.గ్రా. అవుతుంది. అంటే అలాంటి క్యాప్సూల్స్ ఆరు. ఒక్కసారిగా అన్ని వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి. గాఢత ఎక్కువున్న రకం తీసుకుని, ఒకదానితో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. గతంలో క్లోమం వాపు వచ్చి ఉంటే మీ డాక్టరును అడగకుండా వేయొద్దు. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం కొనకండి, అది చేప కాలేయం నుంచి తీసినది, విటమిన్ ఎ, డి ఎక్కువ. అవిసె నూనె కూడా దీనికి బదులు కాదు. అందులోని కొవ్వును కుక్క శరీరం ఈపీఏగా మార్చుకోవడం చాలా తక్కువ.

నా దృష్టిలో నూనె కంటే తిండి ముఖ్యం. కిడ్నీ జబ్బు కోసం తయారైన ఆహారం కొనగలిగితే అదే మేలు. లేకపోతే తెల్లన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, కొద్దిగా ఎముక లేని చికెన్‌తో మొదలుపెట్టి, పూర్తి కొలతలు మీ పశువైద్యునితో రాయించుకోండి. పచ్చసొన, కాలేయం, ఎండుచేపలు వద్దు. నీళ్లు ఎన్ని తాగినా ఆపొద్దు. కాళ్లనొప్పులకు ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు పొరపాటున కూడా వేయకండి.

ఒక్క పరీక్షతో జబ్బు దశ తేల్చకూడదు. భాస్వరం, రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్ కూడా చూడమనండి. తిండి మార్చిన నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. అప్పటికీ రక్తంలో భాస్వరం 4.6 (మి.గ్రా./డె.లీ.) దాటి ఉంటే, దాన్ని పేగుల్లోనే పట్టి ఉంచే మందు రాస్తారు. ఆ మందును తప్పనిసరిగా తిండిలోనే కలపాలి. ఈలోగా వాంతులైనా, ఒక పూట పూర్తిగా తిండి మానేసినా నెల గడిచేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.