ఆర్సీలో ఉన్నాయన లేరు, సంతకాలు ఉన్నాయి

ప్రశ్న: మాది ఒంగోలు. బెంగళూరు కె.ఆర్. పురంలో అద్దెకుంటున్నాం. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక రెండు తలుపుల చిన్న ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి వచ్చింది. 2014 మోడల్ మహీంద్రా ఈటూఓ. రూ.1.60 లక్షలు చెబుతున్నారు. ఆర్సీ పక్కింటి అంకుల్ పేరు మీద ఉంది. ఆయన 8 నెలల క్రితం పోయారు. ఇప్పుడు వాళ్లబ్బాయి అమ్ముతున్నాడు. అంకుల్ బతికుండగానే, బండి పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి పెట్టారట. ఓటీపీ వచ్చే ఫోను కూడా తన దగ్గరే ఉంది కాబట్టి నేరుగా నా పేరుకు మార్చేద్దాం అంటున్నాడు. 3 నెలల క్రితం ఇన్సూరెన్స్ కూడా అంకుల్ పేరుతోనే రెన్యూ చేశాడట. ఫుల్ చార్జికి 90 కిలోమీటర్లు వస్తుందంటున్నాడు. రూ.20,000 అడ్వాన్సు అడుగుతున్నాడు. ఆంటీ, అమెరికాలో ఉన్న వాళ్లమ్మాయి ఇందులో ఏమీ కలగజేసుకోవడం లేదు. కొనొచ్చా మేడమ్? రెండు తలుపుల బండి అని ఆర్టీవో దగ్గర ఏమైనా ఇబ్బంది పెడతారా?

జవాబు: తలుపుల సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఒక్క మాట చాలు. ఇబ్బంది లేదు. ఆర్టీవో చూసేది ఆర్సీలో రాసిన సీట్ల సంఖ్య. ఎంతమందికి రాసి ఉంటే అంతమందే ఎక్కాలి, వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. కాకపోతే ఒంగోలు నుంచి మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ముందు సీటు వంచి వెనక్కి దూరగలరా అన్నది డబ్బు చేతులు మారకముందే ఒకసారి చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతి. ఆ పాత సంతకాల మీద బండి కొనకండి. వాళ్లబ్బాయి మోసగాడని నేననడం లేదు. నాన్న పోయాక ఇంట్లో మిగిలిన వస్తువును తొందరగా వదిలించుకోవాలని చాలామందికి ఉంటుంది. ఆర్టీవో తిరుగుడు తప్పించుకునే దారి కనబడితే పట్టుకుంటారు. కానీ ఆ దారిలో నడిస్తే చిక్కుల్లో పడేది మీరు.

ఫారం 29 అంటే 'నా బండిని ఫలానా తేదీన ఫలానా వారికి అమ్మాను' అని యజమాని ఆర్టీవోకు చెప్పుకునే మాట. అంకుల్ ఆ కాగితం మీద సంతకం చేసినప్పుడు అందులో మీ పేరు లేదు, తేదీ లేదు. ఇప్పుడు వాటిని నింపితే, చనిపోయిన మనిషి చనిపోయాక అమ్మినట్టు అవుతుంది. తేదీ వెనక్కి వేస్తే అది ఇంకా పెద్ద అబద్ధం. ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీని ఇంకొకరు కొట్టడమూ అంతే. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహితలోని ఫోర్జరీ సెక్షన్ల దాకా వెళ్తుంది. తెలిసే ఆ కాగితాన్ని వాడుకున్నారని మీ పేరూ అందులోకి వస్తుంది.

ఎవరు ఫిర్యాదు చేస్తారు అంటారేమో. హిందూ కుటుంబమైతే, వీలునామా లేకుండా మగమనిషి పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురికి, ఆయన తల్లి బతికుంటే ఆవిడకు కూడా సమాన వాటా వస్తుంది. ఇల్లయినా, బ్యాంకు డబ్బయినా, పాత కారయినా అంతే. కొడుకు ఒక్కడే అమ్మితే తన వాటా వరకే అమ్మగలడు. ఆంటీ మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నారని లెక్క వేసుకోకండి. భర్త పోయి 8 నెలలే అయిన మనిషి ఆవిడ. అన్నాచెల్లెళ్ల మధ్య ఇంటి వాటా దగ్గర మాట తేడా వచ్చినప్పుడు, ఎప్పుడో అమ్మేసిన బండి కూడా పిటిషన్‌లోకి ఎక్కడం నా ప్రాక్టీసులో చూశాను. కొన్నాయన పాపం రెండు వాయిదాలకు సెలవు పెట్టి రావాల్సి వచ్చింది.

సరైన పద్ధతి ఇది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్‌లో, కేంద్ర నిబంధనల్లోని 56వ నిబంధనలో చనిపోయిన యజమాని బండికి వేరే దారి ఉంది. వారసులు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, 3 నెలల్లోపు ఫారం 31తో తమ పేరుకు మార్చుకోవాలి. వీళ్లకు గడువు దాటింది. అయినా తలుపు మూసుకుపోలేదు, ఆలస్యానికి రుసుము కట్టి ఇప్పుడైనా చేసుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం (ఇక్కడ వంశవృక్షం అంటారు), మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు కావాలి. అమెరికాలోని అమ్మాయి తన అఫిడవిట్‌ను అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపొచ్చు. బండి మీద లోను రాసి ఉంటే, అది తీరిందని చెప్పే ఫారం 35 కూడా. ఇలా ముందు ఆంటీ పేరుకో అబ్బాయి పేరుకో ఆర్సీ మారాలి. ఆ తర్వాత ఆర్సీలో ఉన్న ఆ మనిషి, బతికున్న మనిషి, మీ ఎదురుగా 29, 30 మీద సంతకం చేయాలి. రెండుసార్లు మార్పిడి, రెండుసార్లు ఖర్చు. దాన్ని ధరలో తగ్గించమని అడగండి, అది న్యాయమే.

ఇన్సూరెన్స్ రెన్యూ అయిందని మీరు ధైర్యంగా రాశారు. నాకు అక్కడే భయం వేసింది. కారు పాలసీల్లో మామూలుగా ఉండే షరతు ప్రకారం, యజమాని పోయాక పాలసీ 3 నెలలు, లేదా దాని గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఆ తర్వాత చనిపోయినవారి పేరుతో కట్టిన ప్రీమియానికి అవతల ఒప్పందం చేసుకున్న మనిషే లేడు. అంటే ఇవాళ ఆ బండి వాడకూడని స్థితిలో ఉంది. టెస్ట్ డ్రైవ్ అని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించేముందు ఇది ఆలోచించండి. రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కోసం కోర్టు మొదట వెతికేది ఆర్సీలో ఉన్న పేరునే. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరైన యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ ఆ యజమాని లేడు. భారం ఆ కుటుంబం మీదా, నడిపిన మీ మీదా పడుతుంది.

ఇప్పుడు బ్యాటరీ. ఈటూఓ 2001లో వచ్చిన రేవాకు తమ్ముడు, మన బెంగళూరులోనే తయారై 2013లో మార్కెట్లోకి వచ్చింది. కొత్తలోనే కంపెనీ చెప్పుకున్నది సుమారు 100 కిలోమీటర్లు. ఇన్నేళ్ల తర్వాత 90 వస్తుందన్న మాటను నేను కాగితం మీద చూడందే నమ్మను. వస్తువుల విక్రయ చట్టంలో సొంత బండి అమ్ముకునే మామూలు మనిషి నాణ్యతకు హామీ ఇచ్చినట్టు చట్టం దానంతట అది అనుకోదు. చూసి కొనుక్కోవాల్సింది కొనేవాడే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా, అమ్మినవాడు వ్యాపారి కాదు కాబట్టి ఆ దారి లేదు. అదే సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర కొని ఉంటే రూ.5 లక్షల లోపు బండికి ఫీజు కూడా లేకుండా 2 ఏళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. మీకు మిగిలేది సివిల్ కోర్టు, లేదా అమ్మకం ఒప్పందంలో మీరు రాయించుకునే ఒక్క వాక్యం.

ఆ వాక్యం రాయించుకోండి. 'ఫుల్ చార్జికి ఇన్ని కిలోమీటర్లు, బ్యాటరీ కంపెనీదే, మార్చలేదు' అని. మార్చి ఉంటే ఎవరు, ఏ రకం పెట్టారో, బిల్లు ఎక్కడుందో కూడా. ఎక్కడో షెడ్డులో వేరే రకం బ్యాటరీ, కంట్రోలరు బిగించి ఉంటే అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు కావచ్చు. 2019 సవరణ తర్వాత, అలాంటి మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ రాసి ఉన్నాయి. ఆర్సీ వాళ్ల పేరుకు మారి, ఇన్సూరెన్స్ సరయ్యాక సొంతంగా ఫుల్ చార్జి పెట్టించి, కె.ఆర్. పురం నుంచి సిల్క్ బోర్డు దాకా ఏసీ వేసుకుని వెళ్లి రండి. ఎంత తగ్గిందో మీటరు ఫొటో తీసి ఒప్పందానికి జత చేయండి.

అడ్వాన్సు రూ.20,000 ఇప్పుడు ఇవ్వకండి. ఆంటీ సంతకం కూడా ఉన్న ఒప్పందం ఇ-స్టాంప్ కాగితం మీద తయారయ్యాక, ఆర్సీ వాళ్ల పేరుకు మారకపోతే ఫలానా తేదీకి తిరిగిస్తామని రాశాక, బ్యాంకు ద్వారా ఒక చిన్న మొత్తం ఇవ్వండి. ఈలోగా కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి లోను, ఆర్సీ గడువు చూసుకోండి. ట్రాఫిక్ పోలీసుల సైట్‌లో పాత చలాన్లు ఉంటే అవి వాళ్ల చేతే కట్టించండి. మీది అద్దె ఇల్లు కదా, పార్కింగ్‌లో చార్జింగ్ పాయింటుకు ఓనరు చేత ఒక కాగితం తీసుకోండి.

బండి మీ చేతికి వచ్చాక 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి. రెండో గడువు చిన్నది, దాన్ని ముందు చేయండి.