జీన్ ఎడిటింగ్ చేసిన స్టెమ్ సెల్స్‌తో బట్టతల మీద జుట్టు వస్తుందా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మీ తమ్ముడికి 26 ఏళ్లు, మాడు మీద జుట్టు పలచబడింది, హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు జీన్ ఎడిటింగ్ చేసిన, అంటే జీన్లను సవరించిన స్టెమ్ సెల్స్ (కొత్త కణాలను పుట్టించే మూలకణాలు) ఎక్కిస్తే కొత్త జుట్టు వస్తుందని 2,40,000 రూపాయలు అడిగారు, పెళ్లిచూపుల్లోపు చేయించమని అమ్మగారు పట్టుబడుతున్నారు, లోన్ తీసుకోవచ్చా అని కదా మీరు అడిగింది. తీసుకోకండి. జుట్టు కోసం అలాంటి చికిత్సకు ఇవాళ మన దేశంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా అనుమతి లేదు.

2022లో నాకు ఈ మాట చెప్పేవాళ్లు దొరకలేదు. అప్పుడు నాకు 29 ఏళ్లు. హనుమకొండలో జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. బోర్డు మీద రాయడానికి వెనక్కి తిరిగిన ప్రతిసారీ పిల్లలంతా నా మాడే చూస్తున్నారనిపించేది. రెండు సంబంధాలు ఫొటో దగ్గరే ఆగిపోయాయి. వేములవాడలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని అమ్మ అంది, అదీ చేయించాను. కత్తి తీసేది చర్మం పైనున్న వెంట్రుకనే. లోపలి కుదురు సన్నబడిపోతుంటే పైన ఎన్నిసార్లు గీసినా అంతే సన్నగా వస్తుంది. అప్పుడది తెలియదు. ఆ టెన్షన్‌లోనే ఒక క్లినిక్ మెట్లెక్కాను. గోడమీద డీఎన్ఏ బొమ్మ, కత్తెర బొమ్మ చూపించి ఆరు సిట్టింగులకు 1,80,000 అన్నారు. ఈఎంఐ పెట్టుకున్నాను.

ప్రతి సిట్టింగూ ఒకేలా జరిగేది. చేతి నుంచి రక్తం తీసి, చిన్న మెషీన్‌లో గిరగిరా తిప్పి, అరగంటలో పైకి తేలిన పసుపు ద్రవాన్ని నెత్తి మీద సూదులతో ఎక్కించేవారు. మూడోది అయ్యాక మా మేనత్త కొడుకుతో ఈ సంగతి చెప్పాను. వాడు ల్యాబ్ టెక్నీషియన్. "బావా, అది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే నీ రక్తద్రవమే. ప్లేట్‌లెట్లకు జీన్లుండే కేంద్రకమే ఉండదు, ఇక ఏ జీన్‌ని ఎడిట్ చేశారు?" అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పీఆర్‌పీ అనేది దొంగ చికిత్స కాదు, కొందరికి కొంత ఉపయోగపడుతుంది కూడా. కానీ దానికి ఉన్న పేరు పెట్టి, దాని ధరే తీసుకోవాలి కదా. మిగతా మూడు సిట్టింగులకు నేను వెళ్లలేదు. డబ్బు తిరిగి రాలేదు.

ఆ తర్వాత చాలా చదివాను, డాక్టర్లను అడిగాను. జీన్ ఎడిటింగ్ కట్టుకథేమీ కాదు. జీన్‌ని కత్తెరలా కోసి సవరించే క్రిస్పర్ పద్ధతిని రూపొందించినందుకు షార్పాంతియే, డౌడ్నా అనే శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ ఇచ్చారు. ఆ పద్ధతితో తయారైన కాస్‌జెవీ అనే చికిత్సను సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. అందులో ఏం చేస్తారో తెలిస్తే మీ తమ్ముడికి చెప్పిన మాట ఎంత అసాధ్యమో మీకే అర్థమవుతుంది. రోగి రక్త మూలకణాలను బయటికి తీస్తారు. వాటిని ల్యాబ్‌లో సవరించి, పరీక్షించి పంపడానికి ఆరు నెలల దాకా పడుతుంది. ఎముక మజ్జలో మిగిలిన పాత కణాలను గట్టి కీమో మందుతో తుడిచేసి, కొత్తవాటిని రక్తంలోకి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ మజ్జకే చేరతాయి. రోగి వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అంత తంతు అరగంటలో, కుర్చీలో కూర్చోబెట్టి చేయడం ఎవరి తరమూ కాదు.

పైగా జుట్టు సంగతి రక్తం లాంటిది కాదు. కుదుళ్లు నెత్తినిండా వేలకొద్దీ విడివిడిగా ఉంటాయి. ఒకచోట ఎక్కించిన కణాలు వెళ్లి ఒక్కో కుదురులో కుదురుకోవు. ఇంకో చిక్కుంది. 2011లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు బట్టతల చర్మాన్నీ, అదే మనిషి జుట్టున్న చర్మాన్నీ పోల్చి చూశారు. మూలకణాలు రెండు చోట్లా ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. తగ్గిపోయింది వాటి నుంచి పుట్టి వెంట్రుకను కట్టే తర్వాతి దశ కణాలు. విత్తనం నేలలోనే ఉంది, మొలకెత్తడం లేదు. అలాంటప్పుడు స్టెమ్ సెల్స్ తెచ్చి పోస్తే చాలు అన్న మాటకు అర్థమేముంది?

అయినా ఈ పరిశోధన మీద నాకు నమ్మకం ఉంది. మగవాళ్ల బట్టతలకు ముఖ్య కారణం వంశపారంపర్యంగా వచ్చే గుణం. టెస్టోస్టెరోన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు ముందు భాగం, మాడు మీది కుదుళ్లు లొంగిపోతాయి, వెనక భాగానివి లొంగవు. వెనక నుంచి తీసి ముందు నాటిన వెంట్రుక తన గుణాన్ని వదులుకోదు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ పనిచేసేది అందుకే. అంటే గుణం కుదురులోనే ఉంది, దాన్ని మార్చగలిగితే చాలు అన్న ఆలోచనకు ఆధారం ఉంది. 2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు డీహెచ్‌టీ తయారీకి కావాల్సిన ఒక ఎంజైమ్ జీన్‌ని క్రిస్పర్‌తో ఎలుకల చర్మంలో దెబ్బతీసి, జుట్టు మళ్లీ పెరగడం చూశారు. అదే ఏడాది అమెరికాలో మనిషి మూలకణాల నుంచి కుదుళ్లున్న చర్మాన్ని నాలుగైదు నెలలు పెంచి ఎలుకకు అతికిస్తే వెంట్రుకలు మొలిచాయి. అక్కడి నుంచి మనిషి నెత్తికి చాలా దూరం ఉంది. క్రిస్పర్ కోత జీన్లలో తప్పుచోట పడితే ఆ తప్పుతోనే కణం లక్షలుగా పెరుగుతుంది, క్యాన్సర్ భయం ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చిన జబ్బులో ఆ ప్రమాదానికి ఒప్పుకుంటారు. జుట్టు కోసం ఒప్పుకోవాలంటే భద్రత అంతకు ఎన్నో రెట్లు రుజువు కావాలి.

మన దగ్గర నియమం కూడా స్పష్టంగా ఉంది. దేశంలో వైద్య పరిశోధనను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి లాంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషుల మీద చేసే పరిశోధనలోనే) జరగాలి, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. క్లినిక్‌కి ఫోన్ చేసి సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అది దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే చోటు, ఎవరైనా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నంబర్ చెప్పకుండా ఆఫర్ ఈ వారంతో అయిపోతుందంటే ఫోన్ పెట్టేయండి.

నాకు చివరికి ఉపయోగపడింది ప్రభుత్వ ఆసుపత్రిలోని స్కిన్ డాక్టరమ్మ. లెన్స్‌తో నెత్తి చూసి, థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించి, ఈ మధ్య పెద్ద జ్వరమేమైనా వచ్చిందా అని అడిగారు. డెంగీ లాంటి జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు గుత్తులుగా రాలే జుట్టు చాలామందికి దానంతటదే తిరిగి వస్తుందట. నాది అది కాదని తేల్చి ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ అనే మందులు రాశారు. ఫినాస్టెరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు రావచ్చని, వస్తే దాచకుండా చెప్పమని ముందే చెప్పారు. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో రాలడం పెరిగితే భయపడి ఆపొద్దన్నారు. ఎనిమిది నెలలకు రాలడం తగ్గింది, మాడు కొంత నిండింది. నుదుటి మూలలు మాత్రం రాలేదు. మందు ఆపితే వచ్చింది కూడా పోతుంది, కాబట్టి ఇప్పటికీ వాడుతున్నాను.

మీ తమ్ముడి వయసులో కుదుళ్లు ఇంకా పూర్తిగా మూసుకుపోయి ఉండవు, మందులకు నాకంటే మంచి ఫలితం రావచ్చు. ఈ వారమే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. మొదటి రోజే పై నుంచి, ముందు నుంచి ఫొటోలు తీసి పెట్టుకోమనండి, అద్దంలో రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. పెళ్లిచూపులు మూడు నాలుగు నెలల్లోనే ఉంటే అప్పటికి పెద్ద తేడా కనిపించదని అమ్మగారికి ఇప్పుడే చెప్పండి. డాక్టర్ రాసిన చీటీ పెట్టి మళ్లీ అడిగితే, నాకు తెలిసింది తప్పకుండా చెబుతాను.