తీసుకురా తమ్ముడూ, కానీ ఆ తొమ్మిదడుగుల కర్ర వద్దు

తాడేపల్లి నుంచి ఒక తమ్ముడు రాశాడు. జులైలో మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వస్తున్నాడట. వాళ్ళ మామయ్య ఇచ్చిన చేపలు పట్టే తొమ్మిదడుగుల రాడ్డు, దారం చుట్టే రీలు, ఒక డబ్బా నిండా గాలాలు, నీళ్ళ మీద తేలే బెండ్లు, సీసపు గుండ్లు ఉన్నాయట. విమానంలో రానిస్తారా, ఎక్స్‌ట్రా ఎంత కట్టాలి, ఇక్కడ దిగాక పట్టుకుంటారా అని అడిగాడు.

రానిస్తారు. నిక్షేపంగా తీసుకురా. ఆ తొమ్మిదడుగులది మాత్రం ఇంట్లోనే ఉంచు. ఎందుకో తెలియాలంటే నా సంగతి మొదటినుంచీ వినాలి. నువ్వు చేయబోతున్న తప్పులన్నీ నేను 2008లోనే వరసగా చేసి ఉన్నాను, నా తర్వాత వచ్చిన పిల్లలు కూడా అవే చేస్తుంటే చూస్తూనే ఉన్నాను. మీ వయసులో రెండు వీడియోలు చూస్తే అంతా తెలిసిపోయిందనిపిస్తుంది. నాకూ అనిపించింది, అప్పట్లో ఇన్ని వీడియోలు లేవు కాబట్టి ఇద్దరు స్నేహితుల మాటలు విని అనుకున్నాను, అంతే తేడా.

మాది కృష్ణలంక. ఆదివారం వస్తే మా బాబాయి చీకటితోనే లేపి సైకిల్ మీద బ్యారేజీ దాటించి సీతానగరం వైపు తీసుకెళ్ళేవాడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ముద్ద చేసి గాలానికి పెట్టేవాళ్ళం. జెల్లలు పడేవి, రోజు బాగుంటే శీలవతి పడేది, ఎక్కువసార్లు ఏమీ పడేది కాదు. ఎండెక్కాక ఇడ్లీ తిని ఇంటికొచ్చేవాళ్ళం. నాకు వీసా వచ్చిందని తెలిశాక ఆయన తన రాడ్డు నాకిచ్చేశాడు. రెండు ముక్కలది, ఒక్కో ముక్క నాలుగున్నర అడుగులు. "అక్కడ ఊళ్ళోనే సముద్రం ఉంటుందటరా, పట్టుకెళ్ళు" అన్నాడు.

సూట్‌కేసులో అది పట్టదు. వన్ టౌన్‌లో పైపుల కొట్టుకెళ్ళి నాలుగంగుళాల పీవీసీ పైపు కోయించి, రెండు వైపులా మూతలు బిగించాను. పొడవు 142 సెంటీమీటర్లు వచ్చింది. మనిషి ఎక్కి నిలబడినా చెక్కుచెదరదు, అంత బాగా కుదిరింది. శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి టేపు తీసి కొలిచింది. చెక్-ఇన్ సామాను పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా ఎయిర్‌లైన్స్ పెట్టుకున్న లెక్క. నాది 142, దానికి అటు 11, ఇటు 11, మొత్తం 164. ఆరు సెంటీమీటర్ల దగ్గర దొరికిపోయాను. ఓవర్‌సైజు అనీ, అదనపు లగేజీ అనీ కలిపి 4,800 రూపాయలు కట్టమన్నారు. దారి ఖర్చులకని నాన్న ఇచ్చిన ఐదు వేలు అలా పోయాయి. మిగిలిన రెండొందలు ముట్టుకోవడానికి భయమేసి గేటు దగ్గర టీ కూడా తాగలేదు.

ఇంకో తప్పు, గాలాల డబ్బా చేతి బ్యాగులో పెట్టుకోవడం. పెద్ద గాలాలు క్యాబిన్‌లోకి రానివ్వరు, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పడేశారు. అందులో బాబాయి సొంతంగా వంచి చేసినవి కూడా ఉన్నాయి. గాలాలు, సీసపు గుండ్లు, చేపలు కోసే కత్తి అన్నీ చెక్-ఇన్‌లోనే వెయ్యి. గాలాల ముళ్ళు థర్మాకోల్ ముక్కకి గుచ్చి, మీద టేపు చుట్టి, డబ్బాలో పెట్టు. పెట్టె తెరిచి చూసే మనిషి చెయ్యి ఎక్కడ పెడతాడో మనకి తెలియదు కదా. హెడ్‌లైటుకి విడిగా లిథియం బ్యాటరీలు ఉంటే అవి మాత్రం చేతి బ్యాగులోకి రావాలి, చెక్-ఇన్‌లో వెయ్యకూడదు. మిగతా రూల్సు నీ ఎయిర్‌లైన్ వెబ్‌సైటులో ఉంటాయి, చూసుకో, ఒకటికి రెండుసార్లు చదువు.

దిగాక బెల్టు దగ్గర గంటసేపు నిలబడ్డాను. సూట్‌కేసు వచ్చింది, పైపు రాలేదు. పోయిందనుకుని ఏడుపొచ్చింది. పొడుగు సామాను బెల్టు మీద రాదు, ఓవర్‌సైజు అని పక్కన వేరే చోట ఇస్తారని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి అక్కడ నా పైపు ఒక్కటే గోడకి ఆనించి ఉంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. విమానంలో ఇచ్చే కార్డులో మట్టి అంటిన వస్తువులు, మంచినీటిలో వాడిన ఆటసామాను ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఉందంటే ఆపేస్తారని భయపడి లేదని టిక్ పెట్టాను. తనిఖీ దగ్గర ఆఫీసరు పైపు మూత తిప్పి తీశాడు, రాడ్డు బయటికి లాగాడు, తెల్ల కాగితం పరిచి రీలు దాని మీద పెట్టి చిన్న టార్చి వేశాడు. దారం చుట్టల మధ్య పచ్చగా ఎండిపోయిన నాచు. హ్యాండిల్ సందులో కృష్ణ ఒడ్డు మట్టి. వేలితో తడితే కాగితం మీద రాలింది. డబ్బాలో అడుగున ఎండిపోయిన తవుడు ముద్ద. నెమలి ఈక కాడతో చేసిన బెండు కూడా ఉంది. ఈకలు ఇక్కడ చెప్పకుండా తేకూడదు, పైగా నెమలీకలు దేశం దాటించడాన్ని మన దేశమే నిషేధించింది, అది నాకు అప్పటివరకు తెలియనే తెలియదు. ముద్దా బెండూ తీసేసుకుని, రాడ్డూ రీలూ తుడిచి ఇచ్చి, 220 డాలర్లు ఫైను రాశారు. తప్పు నాదే. ఉందని టిక్ పెట్టి ఉంటే చూసి, శుభ్రం చేయించి పంపేసేవాళ్ళు. ఇప్పుడు ఫైను వేలల్లోకి వెళ్ళవచ్చు, పెద్ద తప్పయితే స్టూడెంట్ వీసా కూడా రద్దు చేయవచ్చు. కాబట్టి అనుమానం ఉన్న ప్రతిదానికీ ఉందనే టిక్ పెట్టు. మీ అమ్మ కట్టిచ్చే ఆవకాయకీ పొడులకీ కూడా ఇదే మాట.

ఇక డబ్బు సంగతి పక్కన పెడతాను, డబ్బు ఎలాగో సంపాదించుకున్నాం. నువ్వు అడగనిది, నేను చెప్పాలనుకుంటున్నది వేరే ఉంది.

ఆ ఫైను దెబ్బకి నాకెంత బెదురు పట్టుకుందంటే, తెచ్చిన రాడ్డుని పద్నాలుగు నెలలు పైపులోంచి తీయలేదు. మెల్‌బోర్న్‌లోనే సన్‌షైన్ అనే పేటలో ఐదుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం, అందరూ తెలుగువాళ్ళమే, కానీ ఒకడు రాత్రి పెట్రోల్ బంకులో, ఒకడు పొద్దున గోడౌన్‌లో, ఒకరి ముఖం ఒకరం చూసుకునేది ఫ్రిజ్ దగ్గర. 2009లో ఇక్కడ మన విద్యార్థుల మీద దాడులు జరిగాయి, అక్కడ టీవీల్లో రోజంతా అదే. అమ్మ ఫోన్ చేసి చీకటి పడితే బయటికి వెళ్ళొద్దని ఒట్టు వేయించుకుంది. చలికాలంలో ఐదింటికే చీకటి. పనికీ కాలేజీకీ పోను మిగిలిన టైమంతా గదే. ఆదివారం పొద్దున మెలకువ వస్తే, తలగడ పక్కన ఆ తెల్ల పైపు, బాబాయి సైకిల్ బెల్లు వినిపించినట్టుండేది. ఒక నెలలో మొత్తం ఎన్ని మాటలు మాట్లాడానని లెక్కపెట్టుకున్న రోజులున్నాయి. ఇది నీకు ఎవరూ చెప్పరు తమ్ముడూ. ఫీజులు చెబుతారు, పార్ట్‌టైమ్ చెబుతారు, దుప్పట్లు ఎన్ని తెచ్చుకోవాలో చెబుతారు, ఆదివారాలు ఎలా గడుస్తాయో చెప్పరు.

2009 సెప్టెంబర్లో ఒక శనివారం ఎక్కడికైనా పోదామని రైలెక్కి ఫ్రాంక్‌స్టన్ చివరి స్టేషన్ దాకా వెళ్ళాను. నడిచిపోతే పియర్, అంటే సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది, దాని మీద వరసగా గాలాలు వేసుకుని కూర్చున్న జనం. ఒక గ్రీకు పెద్దాయన దగ్గర రెండు రాడ్లున్నాయి. చాలాసేపు పక్కన నిలబడి చూస్తుంటే ఆయనే పలకరించాడు. నాకు గాలం వేయడం వచ్చని చెప్పాను. లైసెన్స్ ఉందా అని అడిగాడు. లేదన్నాను. అయితే నా రాడ్డు ముట్టుకోకు, వచ్చే శనివారం తీసుకుని రా అన్నాడు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 18 నుంచి 69 ఏళ్ళవాళ్ళు, మినహాయింపు ఉన్న కొద్దిమంది తప్ప, సముద్రంలో వేసినా, నదిలో వేసినా లైసెన్స్ తీసుకోవాల్సిందే. మూడు రోజులకీ ఇస్తారు, ఏడాదికీ ఇస్తారు, ఇప్పుడైతే ఫోన్లోనే తీసుకోవచ్చు.

తర్వాతి శనివారం లైసెన్సుతో, బాబాయి రాడ్డుతో వెళ్ళాను. పద్నాలుగు నెలలు తియ్యకపోవడంతో రీలు బిగుసుకుపోయి తిరగలేదు. ఆయన ఏమీ అనకుండా తన రెండో రాడ్డు నా చేతికిచ్చాడు. స్క్విడ్ ముక్క గుచ్చి వేశాను. గంటన్నరకి ఫ్లాట్‌హెడ్ అనే చేప ఒకటి పడింది, తల అప్పడంలా చదునుగా, రెండు చెంపల మీదా ముళ్ళు. పట్టుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తడి గుడ్డ చుట్టి వెనకనుంచి ఎలా పట్టుకోవాలో చూపించాడు. కొలబద్ద మీద పెట్టాడు. 31 సెంటీమీటర్లు. 27కి తక్కువైతే నీళ్ళలో వదిలెయ్యాలి. తాను 1961లో ఓడ దిగి ఇక్కడికొచ్చానని, మొదటి రెండేళ్ళు తనతో కూడా మాట్లాడేవాళ్ళు లేరని ఆ రోజే చెప్పాడు. అందుకే రెండోది ఎప్పుడూ వెంట తెస్తాడట.

ఆ రాత్రి ఆ ఒక్క చేపతోనే చింతపండు పులుసు పెట్టాను. వాసనకి గుంటూరు వాడు లేచాడు, ఖమ్మం వాడు డ్యూటీకి ఆలస్యమైనా పర్వాలేదని కూర్చున్నాడు. ఐదుగురం కలిసి కింద కూర్చుని తినడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అందుకని నేను చెప్పేది ఇది. ఒక ఖరీదైన పొడుగు రాడ్డు బదులు, చవకైన ట్రావెల్ రాడ్లు రెండు తెచ్చుకో. నాలుగు ముక్కల ఏడడుగుల రాడ్డు విప్పితే ఒక్కో ముక్క 53 సెంటీమీటర్లే, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పడుకుంటుంది, రూపాయి ఎక్కువ కట్టక్కర్లేదు. రీళ్ళు రాడ్డుకి విప్పి మేజోళ్ళలో దూర్చు. పాత దారం తీసి పారెయ్యి, కొత్తది ఇక్కడ కొనుక్కోవచ్చు. మామయ్య రీలు తేవాలనుంటే గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ పెట్టి సందుసందునా తోము, ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వు. వెదురు కర్ర, ఈకలు, ఎర ముద్దలు, ఎండు రొయ్యలు ఏవీ వద్దు. ఆ తోమే పని అమ్మకి అప్పగించకు, నీ చేత్తో చెయ్యి.

న్యూజిలాండ్ వెళ్ళే వాళ్ళకీ దాదాపు ఇదే కథ, అక్కడ ఇంకా గట్టిగా చూస్తారు, 2004లో వాళ్ళ నదుల్లో డిడిమో అనే నాచు బయటపడిన దగ్గర్నుంచీ. ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళు చిన్న సీసపు గుండ్లు తీసుకెళ్ళకండి, అక్కడ చాలా సైజులు 1987 నుంచీ నిషేధం. అమెరికాలో ఏ రాష్ట్రం లైసెన్స్ ఆ రాష్ట్రానిదే.

ఇంకొక సంగతి, మన దగ్గర బంగారు తీగ పడితే సంతోషంగా ఇంటికి తెచ్చుకుంటాం. ఇక్కడ దాన్ని కార్ప్ అంటారు, నదుల్ని పాడుచేసే చేపగా లెక్క, విక్టోరియాలో దాన్ని ప్రాణంతో తిరిగి నీళ్ళలో వదలడం నేరం. జాలిపడి వదలకు. పండుగప్ప కోసం వెతక్కు, అది బారముండి పేరుతో షాపుల్లో దొరుకుతుంది, కానీ నీళ్ళలో ఉండేది ఉత్తరాన వెచ్చటి చోట, మెల్‌బోర్న్ చలికి రాదు.

నువ్వొచ్చే జులైలో పియర్ మీద గాలి ఎముకల్లో దిగుతుంది. అలాగని నాలా గదిలో కూర్చోకు. వచ్చిన రెండో వారంలోనే లైసెన్స్ తీసుకుని ఫ్రాంక్‌స్టన్ రైలెక్కు, ఏమీ పడకపోయినా సరే, స్వెట్టరు మీద గాలి ఆగే జాకెట్ వేసుకో. శనివారం పొద్దున ఏడింటికి నేను పియర్ చివర ఎడమవైపు ఉంటాను. అక్టోబర్, నవంబర్ వస్తే స్నాపర్ అనే చేప పడడం మొదలవుతుంది, దానికి 28 సెంటీమీటర్లు ఉండాలి. బాబాయి రీలు బాగుచేయించాను, ఇప్పటికీ తిరుగుతోంది. నువ్వు వచ్చిన రోజు దాన్ని నీకిస్తాను, నీ రెండు రాడ్లలో ఒకటి మీ రూమ్మేట్‌కి ఇచ్చి వాణ్ణి కూడా వెంటబెట్టుకుని రా.